పదహారో రోజు ఉడుకుబుగ్గ

పాలు పొంగడానికి ఇంకా పదకొండు సెకన్లు ఉందనగా హిమజ మణికట్టు మీద వేళపట్టీ రెండుసార్లు మెత్తగా తట్టింది. స్టవ్ ఆపమని దాని అర్థం. హిమజ ఆపలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, గిన్నె మీదికి వంగి చూస్తూ నిలబడింది. మీగడ మధ్యలో ఉబ్బింది. అంచుల దగ్గర వణికింది. ఆ తర్వాత మొత్తం ఒక్కసారిగా లేచి, గిన్నె దాటి, స్టవ్ మీద చుయ్‌మంటూ పడింది.

"ఓంకార్! పొంగాయి! తొందరగా రా, పొంగాయి!"

ఓంకార్ ఒక చెంపకు గడ్డం గీసుకుని, రెండో చెంప నురగతో పరుగున వచ్చాడు.

"పట్టీ తట్టలేదా నీకు?"

"తట్టింది. నేనే ఊరుకున్నా. మనింట్లో పాలు పొంగితే ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది."

"ఎట్లా ఉంది?"

"మళ్ళీ చూడాలనిపించేట్టు ఉంది."

వాళ్ళ పెళ్ళయి పదమూడు రోజులు. కొత్త చీపురు వాసనకీ, కిటికీ రెక్క చేసే కిర్రుమనే చప్పుడుకీ, గుమ్మం దగ్గర తన చెప్పుల పక్కన అతని చెప్పులు ఉండటానికీ కూడా తన భార్య సంబరపడుతుందని ఓంకార్ ఈ పదమూడు రోజుల్లో తెలుసుకున్నాడు. నవ్వుకుంటూ గుడ్డ అందుకుని స్టవ్ తుడిచాడు.

వేళపట్టీ వచ్చి అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. పాతకాలం గడియారం ఇప్పుడు ఎంతయిందో మాత్రమే చెప్పేది. ఏది ఎప్పుడు అవుతుందో వేళపట్టీ చెబుతుంది. వాన మొదటి చినుకు, బస్సు, అన్నం ఉడకడం, డాక్టరు పిలుపు, చుట్టాలు గుమ్మంలోకి రావడం, అన్నీ సెకన్లతో సహా. నేలలోనూ గాలిలోనూ యంత్రాల్లోనూ పొదిగిన ఆవగింజంత నాడిపూసలు కోట్ల కొద్దీ కబుర్లు పంపుతుంటే, వేళామండలి వాటిని లెక్కగట్టి ప్రతి మణికట్టుకూ చేరవేస్తుంది. ఇప్పుడు ఎవరూ దేనికోసమూ ఆగరు. బస్టాపుల్లో బల్లలు తీసేశారు. ఆసుపత్రుల్లో రోగులు కూర్చునే ముందుగదుల్ని మందుల కొట్లుగా మార్చారు. హిమజ నాలుగో తరగతిలో ఉన్నప్పుడు తెలుగు పాఠంలో 'ఎదురుచూపు' అనే మాట వచ్చింది. దాని అర్థం చెప్పలేక టీచరు పిల్లలందరినీ వరండాలో నిలబెట్టి, పది నిమిషాలు ఊరికే ఉంచి, "ఇదే" అన్నది. మిగతా పిల్లలు ఏడుపు ముఖాలు పెట్టారు. హిమజకు మాత్రం అది తెగ నచ్చింది.

పొంగగా మిగిలిన పాలతో కాఫీ కలుపుకుని ఇద్దరూ వంటింటి గచ్చు మీద కాగితం పరుచుకుని కూర్చున్నారు. ఎల్లుండి దాటితే పదహారో రోజు. ఆ రోజు ఉడుకుబుగ్గ చూడటానికి వెళ్ళాలి. అది ఓంకార్ ఆమెకు ఇస్తానన్న పెళ్ళి కానుక.

మణుగూరు అవతల, గోదావరికి దగ్గరగా, బుగ్గగూడెం అడవి అంచున ఏడేళ్ళ క్రితం నేల నోరు తెరిచింది. అప్పటి నుంచి పంతొమ్మిది, ఇరవై రోజులకొకసారి సలసల కాగే నీళ్ళు తాటిచెట్టు ఎత్తున ఎగజిమ్మి, నాలుగు నిమిషాల్లో మళ్ళీ లోపలికి పోతాయి. చూడదలచిన వాళ్ళకు వేళచీటీ ఇస్తారు. ఎగజిమ్మడానికి రెండు నిమిషాల ముందు రావాలి, నాలుగు నిమిషాలు చూడాలి, తర్వాతి బస్సు ఎక్కి వెళ్ళిపోవాలి. ఓంకార్ వేళామండలిలో వేళకర్త. ఇంతకాలం పైవాళ్ళ కింద లెక్కలు కట్టాడు. ఈసారి బుగ్గ ఎప్పుడు ఎగజిమ్ముతుందో మొదటిసారి తన పేరు మీద కట్టాడు. నలభై సెకన్ల తేడాలోపల నిజమైతే ఇకమీదట సొంతంగా వేళలు ప్రకటించడానికి అతనికి వేళముద్ర ఇస్తారు. తప్పితే రెండేళ్ళు బస్సుల విభాగంలో గజపతి గారి కింద పనిచేయాలి. గజపతి గారు రోజంతా ముక్కుతో పాడుతూ ఉంటారని మండలిలో అందరికీ తెలుసు.

"ఎన్ని గంటలకో నాకు చెప్పకు," అన్నది హిమజ.

"చీటీ మీద ఉంటుంది కదా."

"చీటీ చూపించకు. పట్టీలు రెండూ బియ్యం డబ్బాలో పెట్టి పోదాం. పొద్దున్నే పోయి నిలబడదాం. అది ఎప్పుడొస్తే అప్పుడు చూద్దాం."

"ఎప్పుడొస్తుందో నాకు తెలుసు హిమా. నేనే కట్టాను."

"నీకు తెలిస్తే తెలియనీ. నాకు చెప్పకు." ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నువ్వు పెళ్ళిచూపులకు వచ్చింది నాలుగు గంటల పదిహేడు నిమిషాల ఆరు సెకన్లకు. నాకు ముందురోజే తెలుసు. తలుపు తీసి పట్టుకుని నిలబడ్డా. నువ్వు గంట కొట్టడానికి చెయ్యెత్తి, ఏం చేయాలో తెలియక ఆ చేత్తో తల సవరించుకున్నావు. ఇన్నేళ్ళలో నాకు తెలియకుండా ఏదీ రాలేదు ఓంకార్. ఒక్కటంటే ఒక్కటి, వచ్చాక తెలియాలి."

ఓంకార్ ఆలోచించాడు. "సరే. నీకు తెలియకుండా వస్తుంది, నాకు తెలిసినట్టు వస్తుంది. ఇద్దరికీ సరిపోతుంది. కానీ నా ముఖం చూస్తే తెలిసిపోతుందేమో."

"అప్పుడు ముఖం అటు తిప్పుకో."

అప్పుడే వీధి తలుపు దానంతటదే తెరుచుకుంది. ఓంకార్ అక్క వేదశ్రీ వచ్చే వేళ అది. అతనికంటే పదిహేనేళ్ళు పెద్దది, ఇల్లెందులో తోట చేస్తుంది. వస్తూనే స్టవ్ వైపు చూసింది.

"పాలు పొంగించినవా పిల్లా? మంచిదే. ఏందో రాస్తున్నరు?"

హిమజ లేచి చీర సర్దుకుంది. వదిన ముందు ఓంకార్‌ను 'ఆయన' అంటుంది. "ఉడుకుబుగ్గకు పోతున్నాం వదినా. మీరూ రావాలి. ఏడున్నరకల్లా అక్కడుండాలని ఆయనతో చెబుతున్నా."

"ఏడున్నరకా!" అన్నాడు ఓంకార్. "అంత ముందెందుకు, ఇంకా నాలుగు..."

హిమజ పాలచేత్తో అతని నోరు మూసింది.

"ఏడున్నరకు ఎట్ల పోతరు?" అన్నది వేదశ్రీ. "పదహారో రోజు పండుగ. కొత్త జంటకు తలంటు పోయకుండా గడప దాటనిస్తనా నేను?"

"తలంటు సాయంత్రం చేయొచ్చు కదక్కా."

"చేయొద్దు. నా పెండ్లప్పుడు పట్టీ చూసుకుంట మూడు నిమిషాల్ల ముగించిన్రు. నెత్తిల నూనె ఇంకకముందే నీళ్ళు పోసిన్రు. నేను అట్ల చెయ్య."

ముగ్గురూ కాగితం వైపు చూశారు. దారి చూపింది వేదశ్రీయే. "బుగ్గ కాడ వేడినీళ్ళ కాలువ పారుతదంటివి గదా తమ్మీ. స్నానాలకు తడికలు గూడ కట్టిన్రంట. అక్కడనే పోస్తా. నీళ్ళు కాగబెట్టే పని తప్పుతది."

ఓంకార్‌కు ఆ ఏర్పాటు ఎంతో నచ్చింది. కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. నువ్వుల నూనె. సున్నిపిండి. పొడి తువ్వాళ్ళు నాలుగు. పులిహోర, పెద్ద గిన్నెడు. కుంకుడుకాయలు, అక్క తోటవి, ఒక సంచి. ఈ వేళ కట్టడానికి మూడు లక్షల నాడిపూసల కబుర్లు చదివినవాడు, కుంకుడుకాయల పక్కన టిక్కు పెట్టి కలం మూశాడు.

*

పదహారో రోజు ఉదయం ఇద్దరూ పట్టీలు విప్పి బియ్యం డబ్బాలో పెట్టారు. ఓంకార్ మణికట్టు చుట్టూ ఎండ తగలని చర్మం తెల్లగా కనిపించింది. బస్సులో హిమజ దాన్నే వేలితో రాస్తూ కూర్చుంది. వేదశ్రీ మాత్రం తన పట్టీ విప్పనన్నది. "నోరైతే విప్ప. అది సాలదా?"

బుగ్గగూడెంలో దిగగానే ఉడికిన గుడ్డు వాసన. టేకుచెట్ల మధ్య సున్నం కొట్టినట్టు తెల్లటి రాతిదిబ్బ, దాని నడినెత్తిన చాటంత నోరు, నోట్లోంచి పలచటి ఆవిరి. చుట్టూ కటకటాల వేదిక. వేదిక మీద ఒక్క కుర్చీ కూడా లేదు. నాలుగు నిమిషాలకు కుర్చీ దేనికి?

కాపలా ఉండే జోగయ్య ఎదురొచ్చాడు. ఆ గూడెం మనిషే. నేల తెరుచుకున్న రోజు నుంచీ అక్కడే పని చేస్తున్నాడు. "ఇంత పొద్దున్నేనా సారూ? మీ వేళ ఇంకా..."

ఓంకార్ పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. హిమజ అప్పటికే చెవులు మూసుకుంది.

"ఏమైంది అమ్మకు?" అన్నాడు జోగయ్య కంగారుగా.

"తెలుసుకోకుండా ఉండాలంట," అన్నది వేదశ్రీ. "నువ్వైతే రోలు రాయి సూపియ్యి."

వేడికాలువ పక్కన పీటలు వేసి, ఇద్దరినీ తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, వేదశ్రీ ఇద్దరి మాడు మీదా నూనె పెట్టింది. తొందరపడలేదు. అరగంట మర్దనా చేసింది. తమ్ముడి చెవుల వెనక రుద్దుతూ చిన్నప్పుడు వాడు తలంటుకు భయపడి ఎక్కడెక్కడ దాక్కునేవాడో చెప్పింది. బియ్యం డబ్బా వెనక, మంచం కింద, ఒకసారి ఏకంగా బావి గిలక ఎక్కి. ఓంకార్ ముఖం నూనెతోనూ సిగ్గుతోనూ మెరిసింది. తర్వాత ఆమె కాయలు చితక్కొట్టి, గింజలు తీసి, వేడినీళ్ళలో పిసికింది. బకెట్ నిండా నురగ లేచింది. తడికలకు ఆ పక్క ఓంకార్, ఈ పక్క హిమజ.

"కళ్ళు మండుతున్నాయి!" అని ఆ పక్క నుంచి కేక.

"నావీ మండుతున్నాయి!" అని ఈ పక్క నుంచి నవ్వు.

స్నానాలయ్యాక అడుగున సగం బకెట్ చిక్కటి కుంకుడు రసం, పిప్పి మిగిలాయి. దారిలో పోస్తే ఎవరైనా జారిపడతారు. కాలువలో పోస్తే కింద బట్టలు ఉతికేవాళ్ళకు పిప్పి అంటుకుంటుంది. వేదశ్రీ చుట్టూ చూసింది. తడికల వెనక, బండల మధ్య, కొబ్బరికాయ పట్టేంత రంధ్రం ఒకటి ఉంది. పక్కనే నిలిచిన నీళ్ళు సన్నటి ధారగా అందులోకి దిగుతున్నాయి. ఆమె బకెట్ వంచింది. ఆ రంధ్రం గుటకలు వేస్తూ అంతా తాగేసింది.

"అబ్బ, ఎంత దూపయిందో," అనుకుని, బకెట్ కడిగి ఆ నీళ్ళు కూడా అందులోనే పోసింది.

హిమజ తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వేదిక మీదికి వచ్చింది. ఓంకార్ ఎర్రటి కళ్ళతో కటకటాలకు ఆనుకుని నిలబడ్డాడు. బుగ్గ నోరు నిద్రలో ఉన్నట్టు ఉంది. అక్కడ వాళ్ళిద్దరూ తప్ప ఎవరూ లేరు.

కాసేపటికి హిమజ నిట్టూర్చింది. "నువ్వన్నది నిజమే. నీ ముఖం దాచలేవు."

"నేనేం చేశా?"

"ఏమీ చేయడం లేదు. అదే చెబుతున్నా. సముద్రపు ఒడ్డున పడుకున్నవాడిలా ఉన్నావు. ఇంకా గంటపైనే ఉందని రాసి పెట్టినట్టుంది. ఇటు తిరుగు, చూడనీ. గంటన్నరా?"

ఓంకార్ ముఖం బిగించాడు. పెదవులు లోపలికి మడిచాడు. హిమజ ఇంకా దగ్గరగా వచ్చి, కొసకళ్ళలో ఏమైనా దొరుకుతుందేమోనని పట్టిపట్టి చూసింది.

అప్పుడు ఆ ముఖం మారింది.

ముందు కనుబొమలు పైకి లేచాయి. తర్వాత మడిచిన పెదవులు విడిపోయాయి. కళ్ళు ఆమె తల మీదుగా పైకి, ఇంకా పైకి వెళ్ళాయి. ఆ నల్లటి కంటిపాపల్లో ఏదో తెల్లగా లేచి నిలబడటం హిమజ చూసింది. నేల కాళ్ళ కింద దడదడలాడింది. ఆమె వెనక్కి తిరిగింది.

తాటిచెట్టు ఎత్తు కాదు. రెండు తాటిచెట్లు. నీళ్ళు కూడా కాదు, నురగ! దిబ్బ నెత్తి మీద తెల్లటి నురుగు స్తంభం హోరుమంటూ లేచి, గొడుగులా విప్పుకుని, టేకాకుల మీద ధబధబ రాలింది. దాన్నుంచి వేల బుడగలు విడిపోయాయి. పిడికెడంతవి, గుమ్మడికాయంతవి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క ఇంద్రధనుస్సు. అవి ఎండలో ఊగుతూ, అడవి మీదుగా గోదావరి వైపు తేలిపోయాయి. హిమజ కేక వేసింది. ఏమని వేసిందో ఆమెకే తెలియదు. తువ్వాలు ఊడి పడిపోయినా చూసుకోలేదు. ఓంకార్ చెయ్యి పట్టుకుని, వేదిక పలకలు ఊగిపోయేలా గెంతింది.

జోగయ్య మణికట్టు దులుపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. "తట్టలేదు సారూ! నాకు తట్టనే లేదు! తొమ్మిది యాభయ్యే గదా అయింది!"

వేదశ్రీ ఖాళీ బకెట్‌తో వచ్చి నిలబడింది. గాలి ఆమె వైపు వీచింది. బుగ్గగూడెమంతా తలంటు వాసన.

"నేనేం జేసినరా తమ్మీ?" అన్నది మెల్లగా.

ఓంకార్ గాలి పీల్చాడు. బకెట్ వైపు చూశాడు. తడికల వెనక రంధ్రం వైపు చూశాడు. తర్వాత పలకల మీద చతికిలబడి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"అక్కా, కింద నీళ్ళు ఎప్పుడో కాగిపోయి ఉన్నాయి. పైనున్న నీళ్ళ బరువు వాటిని అణచి పెట్టింది. సరిగ్గా ఇవాళ పదకొండు ఇరవై ఆరుకు ఆ బరువు ఓడిపోవాలి. ఆ రంధ్రం బుగ్గ గొంతులోకే దిగుతుంది, నువ్వు లోపల నురగ లేపావు. నురగ పైకొచ్చింది, బరువు తగ్గింది, ఇక అది ఆగుతుందా? మూడు లక్షల పూసలు పెట్టాం. ఒక్క పూసకైనా కుంకుడుకాయ అంటే ఏంటో తెలియదు. నాకు తెలుసు. నేనే రాశాను, టిక్కు కూడా పెట్టాను!"

బుగ్గ పదకొండు నిమిషాలు ఎగజిమ్మి, దగ్గి, ఊరుకుంది. అప్పుడు హిమజకు గుర్తొచ్చింది. సంబరం ముఖం మీద ఉండగానే గొంతు తగ్గింది.

"నీ ముద్ర."

"పోయింది."

"నాకు తెలియకుండా రావాలని నేనే అడిగాను."

"నాకు తెలియకుండా కూడా వచ్చింది కదా," అన్నాడు ఓంకార్. ఆ మాట తను అన్నాక తనే మళ్ళీ విన్నట్టు ఆగాడు. "ఇన్నేళ్ళుగా దీన్ని చూస్తున్నా హిమా. ఇవాళే చూశాను."

*

ఓంకార్ జోగయ్య పట్టీ మీద మండలికి జరిగింది జరిగినట్టు కబురు పెట్టాడు. చీటీలున్న నూట ఇరవై మంది అప్పటికే బయలుదేరారు, వద్దనడానికి వీల్లేకపోయింది. ఎగజిమ్మింది ఎక్కువగా నురగే కాబట్టి బుగ్గ సగమే ఖాళీ అయింది. ఇవాళే మళ్ళీ రావచ్చు, ఎల్లుండి రావచ్చు. లెక్క మొదటి నుంచి కట్టాలంటే నెల పడుతుంది, అందాకా పట్టీల్లో పాత వేళే ఉంటుంది.

పదకొండు ఇరవై నాలుగుకు నాలుగు బస్సులు ఒకేసారి ఆగాయి. జనం వేదిక ఎక్కి చెప్పిన చోట నిలబడ్డారు. ఇరవై ఆరు అయింది. అందరి పట్టీలూ తట్టాయి. బుగ్గలో ఏమీ లేదు. ఇరవై ఏడు. జనం బుగ్గను వదిలి మణికట్లు చూసుకోవడం మొదలుపెట్టారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన తన పట్టీని గోటితో కొట్టి, పక్కవాళ్ళ పట్టీని కూడా కొట్టి చూశాడు.

ఓంకార్ కటకటాల మెట్టెక్కాడు. తల ఇంకా తడిగా ఉంది. "నా పేరు ఓంకార్. ఈ వేళ కట్టింది నేనే. తప్పింది."

"మరి ఎప్పుడొస్తుంది?" అన్నాడు ఇస్త్రీ చొక్కా ఆయన.

"తెలియదు."

"తెలియదంటే? ఎన్ని నిమిషాల తేడాతో తెలియదు?"

"అది కూడా తెలియదండీ."

వేళకర్త నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. కొందరు దిగి బస్సులెక్కారు. మిగిలినవాళ్ళు ఏం చేయాలో తోచక నిలబడ్డారు. చివరికి ఒకావిడ పిల్లను దించి, కొంగు దులిపి పలకల మీద కూర్చుంది. ఆమెను చూసి ఇంకొకరు కూర్చున్నారు. కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక కొందరు బాసింపట్టు వేశారు, కొందరు చాపారు. వేదశ్రీ పులిహోర గిన్నె మూత తీసింది. అది చేతులు మారుతూ పోతుంటే మాటలు మొదలయ్యాయి. మీదే ఊరు? మాది పాల్వంచ. పాల్వంచలో ఎవరు?

పులిహోర అయిపోయాక వేదశ్రీ లేచి, మెట్ల దగ్గర చేతులు చాపి కొత్త జంటకు అడ్డం నిలబడింది. "మొన్న గడప కాడ పేర్లు చెప్పిద్దామంటే పట్టీ నాకు పన్నెండు సెకన్లే ఇచ్చింది. ఇప్పుడెంత ఉందో వేళకర్తకే తెల్వదు. చెప్పున్రి!"

"చెప్పాలి, చెప్పాలి!" అన్నారు పలకల మీది జనం.

ఓంకార్ గొంతు సవరించుకున్నాడు. "పట్టీ తట్టినా పాలు పొంగించి చూసే హిమజతో వచ్చాను."

"వినబడలేదు!" అన్నాడు ఇస్త్రీ చొక్కా ఆయన అందరికంటే గట్టిగా. మళ్ళీ చెప్పించారు. మూడోసారీ చెప్పించారు. హిమజ వంతు వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి, ఊపిరి తీసుకుని, "వేళ తప్పిన వేళకర్త ఓంకార్‌తో వచ్చాను," అన్నది. అడవి మారుమోగేలా చప్పట్లు కొట్టారు.

ఆ సందడిలోనే మండలి నుంచి జవాబు వచ్చింది. జోగయ్య తన పట్టీ చూపించాడు. 'సోమవారం నుంచి బస్సుల విభాగం.' హిమజ చదివి, ఓంకార్ చేతిలో చెయ్యి వేసింది.

"గజపతి గారు ముక్కుతో ఏం పాట పాడతారు?"

"ఎవరికీ తెలియదు."

"అయితే నాకు రోజూ వచ్చి చెప్పాలి."

ఇస్త్రీ చొక్కా ఆయన ఓంకార్ పక్కకు జరిగి, ఏదో చాటు సంగతి అడుగుతున్నట్టు అడిగాడు. "రేపు కూడా ఇట్లాగే తెలియకుండా ఉంటుందా సార్? మా అమ్మను తీసుకొస్తా. ఆమె చిన్నప్పుడు రైలు కోసం ఇట్లా కూర్చునేవాళ్ళమని చెబుతూ ఉంటుంది. నేను నమ్మలేదు."

కొంగు దులిపి కూర్చున్నావిడ పిల్ల అప్పటికే కుంకుడుకాయల కథంతా వేదశ్రీ దగ్గర లాగేసింది. "అత్తా, ఇంకా కాయలున్నాయా?"

వేదశ్రీ ఆలోచించకుండా సంచి ఎత్తి చూపింది. సగం నిండుగా ఉంది. అందరూ సంచి వైపు చూశారు, తర్వాత తడికల వైపు చూశారు.

హిమజ వెళ్ళి సంచి అందుకుంది. మూతికి ముడి వేసింది. పైన ఇంకో ముడి వేసింది. తెచ్చి తన చోట పెట్టి, దాని మీద కూర్చుంది.

"ఉండనీయండి," అన్నాడు ఇస్త్రీ చొక్కా ఆయన. "బుగ్గ ఇష్టం."

బుగ్గ లోపల ఏదో గుర్రుమన్నది. అందరూ ఒక్కసారిగా లేచారు. ఇంత ఆవిరి వచ్చి, వంకర తిరిగి, పోయింది. అందరూ ఒకరినొకరు చూసుకుని నవ్వి మళ్ళీ కూర్చున్నారు.

"వస్తుందంటావా?" అన్నది హిమజ.

ఓంకార్ బుగ్గ నోటి వైపే చూస్తున్నాడు. ఆమె వంగి అతని ముఖంలోకి చూసింది. కనుబొమలూ పెదవులూ కొసకళ్ళూ, అన్నీ వెతికింది. అక్కడ ఏమీ రాసి లేదు. హిమజ సంచితో సహా అతని పక్కకు ఇంకాస్త జరిగింది.